చెంప మీద నీలం

సీగ్రిద్ ఎడమ చెంప మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు మరక ఉంటుంది. గోట్లాండ్ దీవిలో అవిసె నూనెతో రంగులు నూరే ఆమె, పూసిన తలుపు ఆరిందో లేదో చెంప ఆనించి చూస్తుంది. కాయలు కాసిన వేళ్లను నమ్మదు. ఆ అలవాటు చూసి పక్కింటి తూరె నవ్వేవాడు. ఊళ్లో ఆమె రంగు కొన్న మొదటివాడూ అతనే. మామూలు డబ్బా రంగులాగే దట్టంగా పట్టించాడు. తలుపంతా పాల మీద మీగడలా ముడతలు పడింది.

"నీ నూనె రంగుకో దండం తల్లీ. మళ్లీ ప్లాస్టిక్ రంగే వేసుకుంటా," అన్నాడు.

సీగ్రిద్ అతనితో కలిసి తలుపు గీకింది. "ఈసారి పిసినారిలా పుయ్యి. ఆరేదాకా ఓపిక పట్టు," అంది.

ఈ ఉదయం సీగ్రిద్ వెళ్లేసరికి తూరె, మళ్లీ పల్చగా పూసిన తన తలుపుకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు.

"ఇంకా ఆరలేదు. రేపు చూద్దాం," అన్నాడు ఆమె వైపు తిరిగి.

అతని చెంప మీద నీలం మరక. తుడుచుకోమని సీగ్రిద్ చెప్పలేదు.