ముందు లోపం చెప్పే మనిషి

ఢిల్లీ చుట్టుపక్కల ఏ పెద్దాసుపత్రికైనా వెళ్ళండి, ఒక వార్డుకి సరిపడా నర్సులు నా ఒక్క ఫోను మీద ఉద్యోగంలో చేరినవాళ్ళే. ఈ సంగతి మునిర్కాలో మా కూరగాయల భయ్యాకి కూడా తెలుసు. నేనే చెప్పాను కాబట్టి.

ఇప్పుడు కాస్త తగ్గిస్తాను. ఫోను మా ఇంటిదే. మాట మాత్రం మా ఆవిడది. నేను టీ పెట్టేవాణ్ణి.

ఆవిడ జీవితమంతా నర్సుగానే చేసింది. రిటైరయ్యాక ఆదివారం మధ్యాహ్నాలు, డ్యూటీ లేని తెలుగు నర్సు పిల్లలందరూ మా రెండు గదుల ఇంట్లో చేరేవారు. ఎక్కడ ఖాళీ ఉంది, ఏ వార్డులో పని నేర్చుకోవచ్చు, ఏ ఇన్‌చార్జి కింద చేరితే ప్రాణం తోడేస్తుంది, అన్నీ ఆ టీ కప్పుల దగ్గరే తేలేవి. "మలయాళీ పిల్లలకి ఎక్కడికెళ్ళినా చెప్పే సీనియరు ఒకరుంటారు. మన పిల్లలకి ఎవరున్నారు?" అనేది.

ఎవరి గురించైనా పైవాళ్ళకి చెప్పేటప్పుడు ముందు లోపం చెప్పేది. "ఈ పిల్లకి కోపం ఎక్కువండీ. పేషెంట్ల మీద కాదు, డాక్టర్ల మీద." "దీని దస్తూరీ దేవుడికి కూడా అర్థం కాదు. కానీ పసిపిల్లలకైనా సూది ఒక్కసారికే పెడుతుంది."

"ఇదేం సిఫార్సే? పెళ్ళిసంబంధం చెడగొట్టినట్టుంది" అనేవాణ్ణి.

"డ్యూటీ మారేటప్పుడు పేషెంటుని ఎలా అప్పజెబుతాం? అంతా బాగుందని వెళ్ళిపోతామా? మనిషినైనా అంతే. ఎక్కడ కనిపెట్టుకుని ఉండాలో చెప్పి అప్పజెప్పాలి. మీకు తెలీదు గానీ, చక్కెర తక్కువేసి ఇంకో కప్పు పట్రండి."

మా పైగదిలో విజయనగరం వైపు అమ్మాయి అద్దెకుంటుంది. గుర్గావ్‌లో ఐసీయూ నర్సు. ఏళ్ళ తరబడి పని చేస్తోంది, పేరుంది, కానీ ఇన్‌చార్జి పోస్టు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరి తాలూకు మనిషి ఎగరేసుకుపోతోంది. "పేషెంటు కోసం ఎంత పెద్ద డాక్టరుతోనైనా పోట్లాడుతుంది. తన కోసం మాత్రం నోరు విప్పదు" అని మా ఆవిడ ఆ పిల్ల ముందే అనేది. నోయిడాలో కొత్త ఆసుపత్రికి ఇన్‌చార్జిల్ని తీసుకుంటున్నారనీ, ఎంచే సూపరింటెండెంటు ఒకప్పుడు తన కింద పనిచేసిన మలయాళీ పిల్లేననీ తెలిసి మా ఆవిడ ఎంత సంబరపడిందో! "ఆదివారం ఫోన్ చేస్తాలే" అంది.

ఆ ఆదివారానికి ఆవిడ లేదు. గుండె. పైగది అమ్మాయే పరుగెత్తుకొచ్చి ఛాతీ మీద నొక్కుతూ కూర్చుంది, అంబులెన్సు వచ్చేదాకా. అక్కడ పెంచడానికేం లేదు, తగ్గించడానికీ లేదు.

తర్వాత కొన్నాళ్ళకి నర్సుల సభ ఒకటి జరిగింది. ఆ సూపరింటెండెంటు వస్తుందని తెలిసింది. "నేనెళ్ళి ఏమని మాట్లాడతాను అంకుల్?" అని అమ్మాయి వెనక్కి తగ్గింది. "దానిదేముంది, నేను లేనూ?" అని కోటు వేసుకుని బయల్దేరాను.

ఆ సభల్లో అసలు పని భోజనాల దగ్గరే అవుతుంది. ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడే పరిచయాలు చేసుకుంటారు. సూపరింటెండెంటు నన్ను చూసి, తన ప్లేటు పక్కనపెట్టి, నా చెయ్యి పట్టుకుంది. "సిస్టర్ నాకు తల్లి లాంటిది" అంది హిందీలో. నేను అమ్మాయిని ముందుకి తోసి మొదలెట్టాను. ఇలాంటి నర్సు ఢిల్లీలో లేదన్నాను, పెద్ద డాక్టర్లే ఈమెని అడిగి మందు రాస్తారన్నాను.

ఆమె నవ్వింది. "సిస్టర్ అయితే ముందు లోపం చెప్పేది. మీరూ ఒక్కటి చెప్పండి, అంకుల్."

"లోపమా? ఈ పిల్లకా? వెతికినా దొరకదు!" అన్నాను, పక్క వరుసకి కూడా వినబడేలా.

ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది. "అచ్ఛా" అని వెళ్ళిపోయింది. పోస్టు ఇంకెవరికో వెళ్ళింది. మా ఆవిడ ఒక్కో ముక్కా నిజం చెప్పి నిలబెట్టుకున్న మాటని నేనొక్క గొప్పతో పోగొట్టాను.

ఇంతవరకూ రాసి, నిన్న డ్యూటీ నుంచి వచ్చిన అమ్మాయిని కూర్చోబెట్టి చదివి వినిపించాను. టీ తాగుతూ మొత్తం వింది. కప్పు కింద పెట్టింది.

"చివర్న అలా జరగలేదు, అంకుల్."

"ఏం, కాస్త తగ్గించమంటావా?"

"అసలు మీరా మాట అన్లేదు. ఆవిడ లోపం చెప్పమనగానే మీరు ఏడ్చేశారు. ప్లేటు చేతిలో ఉండగానే. బయట కుర్చీలో కూర్చోబెట్టి, మీకు మంచినీళ్ళు తాగించి నేను లోపలికెళ్ళేసరికి ఆవిడ వెళ్ళిపోయారు."

నేను కాగితాలు సర్దుకున్నాను. "ఎలాగైనా నా వల్లే కదమ్మా పోయింది."

"ఇదిగో, మళ్ళీ పెంచుతున్నారు. మర్నాడు నేనే ఫోన్ చేసుకోవచ్చు. చెయ్యలేదు. ఆంటీ నా గురించి చెప్పింది అదే కదా? మీరేం అబద్ధం ఆడలేదు. ఏడ్చారు. అదే రాయండి."