నాలుగో చెక్క

విమానం నేల మీద ఉన్నంతసేపు దాని రెక్కలకు, తోకకు చెక్కలు బిగిస్తారు. గాలికి అక్కడి కదిలే రేకులు కొట్టుకుని విరగకూడదని. ఎగిరే ముందు ఆ చెక్కలు తీయాలి. మరిచిపోతే విమానం పైలటు మాట వినదు. లోపలున్నవాళ్లు చస్తారు. తీసే పని నాది.

కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న రోజులవి. ఇంజనీర్లను హైదరాబాదు నుంచి తెచ్చి దింపడానికి నల్లగొండ జిల్లాలో ఒక మైదానాన్ని చదును చేశారు. మాది మర్రిగూడ వైపు, గొర్ల బతుకు. వానలు లేక మంద సగం పోతే నేను ఆ మైదానంలో కూలికి కుదిరాను. ముప్పై దాటినా అక్షరం ముక్క రాదు. చెక్కలు నాలుగు. రెక్కలకు రెండు, తోకకు రెండు. అన్నిటికీ ఎర్రగుడ్డ కట్టి ఉండేది. తీసి సంచిలో వేసుకుని, పైలటు కిటికీ ముందు నిలబడి నాలుగూ ఎత్తి చూపాలి. ఆయన తల ఊపితే నా పని అయినట్టు.

పైలట్లు ఇద్దరు. పెద్దసారు తల నెరిసిన మనిషి. చిన్నసారు కొత్తగా వచ్చినవాడు. పెద్దసారు అట్టకు అంటించిన కాగితం చూసి ఒక్కో మాటే ఇంగ్లీషులో చదివేవాడు. చిన్నసారు ఆ పని చేసి, అయిందని బదులు చెప్పేవాడు. కిటికీ కింద నిలబడి నేను వినేవాణ్ణి. అర్థం తెలియదు గాని, ఏ మాటకు ఏ చెయ్యి ఎటు పోతుందో నాకు కంఠతా వచ్చింది. ఒక మాటకు చిన్నసారు విమానం నడిపే చక్రాన్ని అటూ ఇటూ తిప్పేవాడు, రెక్కల రేకులు కదిలేవి; వెనక్కి లాగేవాడు, తోక రేకులు కదిలేవి. ఇన్నేళ్లు విమానం నడిపినాయనకు కాగితం చూడనిదే గుర్తుండదా అని లోపల నవ్వుకునేవాణ్ణి. మా బాపు గొర్లను ఏనాడూ లెక్కపెట్టలేదు. దొడ్లోకి పోతుంటే మొఖాలు చూసి, ఏది రాలేదో చెప్పేవాడు.

ఒకసారి తోక చెక్క పగిలింది. వడ్లాయన చెక్క కోసి, చిత్రిక పట్టి కొత్తది చేసి ఇచ్చాడు. పాతదాన్ని పారేయడానికి నాకు మనసొప్పలేదు. మా ఇంట్లో తెగిన తాడు కూడా పారేయరు. ఎర్రగుడ్డతో సహా సంచి అడుగున పడేశాను. తప్పు అక్కడ మొదలైంది.

తర్వాత విమానం వచ్చిన రోజు, అది ఎండాకాలం, మధ్యాహ్నం. హైదరాబాదులో చెక్కలు బిగించే మనిషి సెలవులో ఉన్నాడని నన్ను వెంట రమ్మన్నారు. విమానం ఎక్కడం నాకదే మొదలు. పొద్దుటి నుంచే భయంగా ఉంది. పడమట దుమ్ము లేస్తోంది, గాలివాన రాకముందే పోవాలని అందరికీ తొందర. రెక్కల చెక్కలు తీశాను. తోకవి రెండింట్లో ఒకటి తీశాను. ఇంతలో మాతో రావాల్సిన ఇంజనీరు జీపు దిగి, పెట్టె ఎక్కించమని కేకేశాడు. పోయి ఎక్కించాను. తిరిగొచ్చి సంచిలో చెయ్యి పెడితే నాలుగు తగిలాయి. నాలుగూ ఎత్తి చూపాను. పెద్దసారు తల ఊపాడు.

ఇంజనీరు పక్కన కూర్చున్నాను, సంచి ఒళ్లో పెట్టుకుని. ఇంజన్లు మోగాయి. భయానికి చేతులు ఊరుకోక సంచిలో చెక్కలను పిసుకుతున్నాను. ఒకదాని అంచు వేలికి గరుకుగా తగిలింది. ఆ పగులు నాకు తెలుసు. పాతది నా ఒళ్లో ఉంది. అంటే కొత్తది ఇంకా తోకకే ఉంది.

చెప్పాలి. చెప్పలేదు. దాచడం దేనికి, ఆ కాసేపు నాకు చావు కంటే తిట్లే పెద్దవిగా కనిపించాయి. కాగితంలో చక్రం మాట వస్తుంది, చిన్నసారు వెనక్కి లాగుతాడు, తోకకు చెక్క ఉంది గనక అది రాదు, వాళ్లే చూసుకుంటారని కాచుకున్నాను.

ఆ మాట వచ్చింది. చిన్నసారు చక్రాన్ని కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పాడు. దుమ్ము వైపు చూస్తూ అయిందన్నాడు. వెనక్కి లాగలేదు. రోజూ లాగేవాడు. పెద్దసారు కళ్లు కాగితం మీదే ఉన్నాయి. తర్వాతి మాటకు పోయాడు.

ముందుకు వంగి పెద్దసారు భుజం పట్టుకున్నాను. "ఆపుండ్రి సారూ. తోకకు చెక్క ఉన్నది."

ఆయన తన ముందున్న చక్రాన్ని వెనక్కి లాగాడు. రాలేదు. ఇంజన్లు ఆపేశాడు.

"నాలుగు చూపెడ్తివి కదరా?" అన్నాడు చిన్నసారు.

"ఒకటి పాతది సారూ. పలిగినది."

గొర్లు కాసేటోన్ని తెచ్చి విమానం కాడ పెడితే గిట్లనే ఉంటదని ఇంజనీరు గొణిగాడు. పెద్దసారు ఆయన్ని పట్టించుకోలేదు. చిన్నసారు వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "వాడు తప్పు చేసిండు, చెప్పిండు. నువ్వు అయిందంటివి గదా, ఏమయింది?"

చిన్నసారు తన చక్రాన్ని వెనక్కి లాగి చూసుకున్నాడు.

దిగి ఆ చెక్క తీశాను. పాతదాన్ని మైదానంలో విసిరేశాను. పనిలోంచి తీసేసినా సరే, మళ్లీ ఎక్కనని చెప్పాను.

"నువ్వు ఎక్కితెనే నేను లేపుత," అన్నాడు పెద్దసారు. "చెక్కలు తీసినోడు లోపల కూసుంటె నాకు జర ధైర్యం."

ఎక్కాను. ఆయన కాగితం మొదటి నుంచి అందుకున్నాడు. గాలివాన మీదికి వస్తోందని ఇంజనీరు రెండుసార్లు అన్నాడు. పెద్దసారు ఒక్క మాట కూడా దాటేయలేదు. ఈసారి నాకు నవ్వు రాలేదు. చిన్నసారు చక్రాన్ని వెనక్కి లాగినప్పుడు అది ఆయన పొట్ట దాకా వచ్చింది.

పైనుంచి ఊళ్లు ఎట్లా కనిపించాయని మావాళ్లు అడిగారు. కళ్లు తెరిస్తే కదా. హైదరాబాదు దాకా సంచిలో చెక్కలు తడుముతూనే ఉన్నాను.

దిగినాక, ఏ చెక్క ఎక్కడిదో దాని మీదే రాసిపెట్టమని పెద్దసారును బతిమాలాను. ఆయన పెన్సిలుతో రాశాడు, ఆ గీతల మీద మేకుతో నన్ను గీకమన్నాడు. నేను నేర్చుకున్న మొదటి మాట 'తోక'. తక్కిన చదువు నలభై దాటినాక వచ్చింది.

పని పోలేదు. భయమూ పోలేదు. ఇప్పటికీ ఇంటికి తాళం వేసి, నాలుగడుగులు పోయి, మళ్లీ వచ్చి లాగి చూస్తాను. మా మనవలు నవ్వుతారు. నవ్వనీ.