బండల మీద బంతి

మొన్న ఒక పొద్దు, ఇంకా కాఫీ కూడా తాగకముందే, మా కల్లూరు ఇంటి ముందరి గదిలో నుంచి మనవడి గొంతు గట్టిగా వినబడితే, ఎవరితోనో కొట్లాడుతున్నాడేమోనని చేతికర్ర పట్టుకొని లేచి పోయినాను. కొట్లాటే, కాకపోతే ఫోనులో. అమెరికాలో జీతాలు తీసుకొని బాస్కెట్ బాల్ ఆడే జట్లలో మావాడికి ప్రాణమైన జట్టొకటి ఉందట, అది ఈ ఏడు సీజను మొదట్లోనే వరసగా ఓడిపోయిందట, అందులో వయసు మళ్లిన ఆటగాడొకణ్ణి ఇంటికి పంపితే గాని ఆ జట్టు బాగుపడదని అవతలివాడు అంటుంటే, మావాడు ముఖం ఎర్రగా చేసుకొని ఆ ఆటగాణ్ణి వెనకేసుకొస్తున్నాడు. నేను చప్పుడు చేయకుండా పక్కన కుర్చీలో కూర్చొని విన్నాను. ఆ మాటలు, ఆ రోషం, ఆఖరికి ఆ ఆటగాడి మీద పడిన నింద కూడా నేను ఎప్పుడో విన్నవే. దేశం మాత్రం వేరు, అంతే.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉండిన రోజులు నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఊరంతా డేరాలు, డేరాల్లో ఆఫీసులు, గాలి దుమారం వస్తే ఫైళ్ల మీద రాళ్లు పెట్టుకొని కూర్చునే గుమాస్తాలు. ఆ గుమాస్తాల్లో కొత్తగా చేరినవాణ్ణి నేను. సాయంత్రం డేరా తెర దించినామంటే నా కాళ్లు ఇంటి దోవ పట్టేవి కావు, కొండారెడ్డి బురుజుకు కొంచెం ఇవతల ఉండే కాఫీ హోటలుకు పోయేవి. అక్కడ ఉగ్గాని, బజ్జీ బాగుంటాయన్నది పైకి చెప్పే కారణం, అసలు కారణం మా మేనమామ. ఆయన జన్మలో బంతి ముట్టుకున్నవాడు కాదు, పంచె ఎగ్గట్టి పరుగెత్తగా చూసినవాడు లేడు, అయినా బాస్కెట్ బాల్ గురించి ఆయన మాట్లాడుతుంటే పక్క బల్లల వాళ్లు కాఫీ చల్లారబెట్టుకొని వినేవాళ్లు. ఆయనకు ఎదురు నిలిచి వాదించే మొనగాడు ఒక్కడే, వేరుశనగ మిల్లు నడిపే పెద్దమనిషి, మాకు చుట్టం కాకపోయినా చిన్నప్పటి నుంచి పెద్దనాయనా అని పిలిచేవాళ్లం. వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలిచిన సాయంత్రం నేనైతే చూడలేదు.

వాదానికి సరుకు మా ఇంట్లోనే ఉండేది. మా చిన్నాయన కర్నూలు జట్టుకు ఆడేవాడు. పొట్టి మనిషి, మాట తక్కువ, తాలూకా కచేరీలో ఉద్యోగం, అప్పటికే ముప్పై నాలుగో అయిదో. జుట్టు పైకి జరుగుతూ ఉండేది. ఎత్తు లేకపోయినా జట్టును నడిపేది ఆయనే, బంతి ఎవరికి ఎప్పుడు పోవాలో ఆయన చేతికి తెలుసు. ఫౌలు పడినప్పుడు బంతిని రెండు చేతులా మోకాళ్ల నడుమ నుంచి, బావిలో చేద తోడినట్టు పైకి విసిరేవాడు, అది చూసి కొత్త పిల్లలు నవ్వేవాళ్లు, బంతి మాత్రం రింగులో పడేది. జట్టులో ఇంకొక గట్టి ఆటగాడు మిషను బడి డ్రిల్లు మాస్టరు, ఆదివారం చర్చి ముగిసిన తరువాత గాని ఆటకు వచ్చేవాడు కాడు, వచ్చినాడంటే ఇద్దరి ఆట ఆడేవాడు.

మా ఆట మట్టి మీద. నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టి, సున్నంతో గీతలు గీసిన మట్టి. కడప వాళ్ల ఆట బండల మీద. వాళ్ల ఊరి నల్లబండలు పరిచి, సందులు పూడ్చి ఆ ఏడే కొత్తగా చేసిన కోర్టు అది. మా రెండు ఊళ్లనూ కలిపేది కర్నూలు నుంచి కడప దాకా పారే కాలువ ఒక్కటే, విడదీసేది బాస్కెట్ బాల్ అని మామ అనేవాడు. మా ఇంటికైతే అది అక్షరాలా నిజం, మా అక్కను ఇచ్చింది కడపకే. బావ అక్కడ బండల వ్యాపారం చేసేవాడు, ఆయన తమ్ముడు కడప జట్టుకు సెంటరు, ఆరడుగుల పైమాటే, గడప దాటాలంటే తల వంచాల్సిందే. పండగకో పబ్బానికో బావ మా ఇంటికి వచ్చినాడంటే కాళ్లు కడుక్కోకముందే మామతో వాదం మొదలయ్యేది, అమ్మ కంచాలు పెట్టి పిలిచి పిలిచి అలిసిపోయేది.

ఆ ఏడు దసరా పోయినాక, సీజను ఇంకా మొదట్లోనే ఉండగా, కడపవాళ్లు మమ్మల్ని ఒక స్నేహపు ఆటకు పిలిచినారు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులో దుమ్ము మింగుకుంటా పోయినాము, మామ దోవ పొడవునా మన గెలుపును ముందుగానే వర్ణించినాడు. అక్కడ జరిగింది మాత్రం చెప్పుకోవడానికి సిగ్గయ్యే ఓటమి. చిన్నాయన చేతుల్లో బంతి నిలవలేదు. నేలకు కొట్టిన బంతి ఎప్పుడూ లేనట్టు చెయ్యి దాటిపోయేది, ఇచ్చిన పాసు మా జట్టువాడి తల మీదుగా గీత దాటేది, ఒకసారి బంతి ఆయన గడ్డానికే తగిలితే కడప జనం పగలబడి నవ్వినారు. ఆట ముగిసినాక ఆయన తల తుడుచుకుంటున్నట్టు తువ్వాలు ముఖం మీద వేసుకొని శానాసేపు అట్లే కూర్చున్నాడు. ఆ తువ్వాలు కింద ఏముందో నాకు తెలుసు గనుక నేను అటు పోలేదు.

ఆ పూట భోజనం అక్క ఇంట్లో. చిన్నాయన తలనొప్పి అని చెప్పి తినకుండానే పడుకున్నాడు. బావ మంచివాడే, కాని గెలిచిన మనిషి, ఊరికే ఉండలేడు గదా. రాజధాని వచ్చినంత మాత్రాన ఆట రాదప్పా అని మొదలుపెట్టి, మా వాళ్ల ఒక్కొక్క తప్పునూ నంజుకుంటా తిన్నాడు. అక్క వడ్డిస్తా తల ఎత్తలేదు, భర్త గెలుపూ చిన్నాయన ఓటమీ ఒకే కప్పు కింద చేరితే ఆమె ఎవరి వైపు చూస్తుంది. ఆ ఊపులోనే బావ ఒక మాటన్నాడు.

"మీ చిన్నాయన బంతి కోసం మోకాలు కాడికి వంగుతాండాడు, అదేమో ఎదమీదికి లేస్తాండాది. ఇది మీ మట్టి కాదప్పా, మా బండ."

బావ ఎగతాళిగా అన్నాడు గాని, అది ఎగతాళి కాదు, మా ఓటమికి కారణం.

కర్నూలులో ఆ వారమంతా హోటలు హోటలుగా లేదు, కోర్టుగా మారింది. ముద్దాయి మా చిన్నాయన. ఆయన పని అయిపోయిందని, చలికాలంలో కడపలోనే జరిగే జిల్లాల పోటీకి ఆయన్ను తీసుకుపోతే ఊరి పరువు తుంగభద్రలో కలుస్తుందని, వయసుకు తగ్గ పని చూసుకోమని ఎవరైనా పెద్దవాళ్లు చెప్పాలని తలొక మాట. అందరికంటే గట్టిగా అన్నది మిల్లు పెద్దనాయన. మామ ఒక్కడే ఇటువైపు. ఎన్నడూ గొంతు తగ్గని మనిషి ఆ సాయంత్రం నెమ్మదిగా చెప్పిన మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"మొదటి వానకే చేను పండిందో ఎండిందో చెప్పే రైతు యాడన్నా ఉన్నాడా? ఆ పోటీలో మా వాడు ఆడతాడు. ఆడి ఓడిపోతే, ఈ హోటల్లోనే కాదు, యాడా నేను ఆట గురించి నోరెత్తను."

మాట్లాడటమే బతుకైన మనిషి తన మాటనే పందెం కాసినాడు. అంతకంటే పెద్ద ఆస్తి ఆయనకు లేదని అక్కడున్న అందరికీ తెలుసు.

చిన్నాయన మాత్రం ఇక ఆడనని ఇంట్లో చెప్పేసినాడు. కాన్వాసు బూట్లు అటక మీద పెట్టినాడు. అప్పుడు నేను పోయి బావ అన్న మాట చెప్పినాను. ఆయన విని, గూట్లో ఉన్న బంతి తీసి మా పడసాలలో పరిచిన బండ మీద ఒకసారి గట్టిగా కొట్టినాడు. బంతి ఆయన ఎద వరకు లేచింది. మళ్లీ కొట్టినాడు. ఆ తరువాత పక్కకు కొట్టి, లేచి పోతున్న దాన్ని అందుకోబోయి జేజి, అదే మా నాయనమ్మ, మంచినీళ్ల కుండ మీద పడినాడు. కుండ పగిలింది, జేజి తిట్లకు లంకించుకుంది, చిన్నాయన ఆ తడిలో కూర్చొని నవ్వినాడు. ఆ ఓటమి తరువాత ఆయన నవ్వగా చూడటం అదే మొదలు.

బండల మీద సాధన చేయాలని తేలింది సరే, ఊళ్లో అంత బండల నేల ఎక్కడుంది. ఉన్నది ఒక్కచోటే, మిల్లు పెద్దనాయన వేరుశనగ కాయ ఎండబోసే కళ్లం. అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. మామ పోనే పోనన్నాడు, ఎవరి మీద పందెం కాసినానో వాళ్ల ముందరే చెయ్యి చాచనన్నాడు. కడకు చిన్నాయనే పోయినాడు, వెంట నేను. నన్ను తీసేయాలన్నారు, అయినా అడుగుతాండా అని ఆయన తలొంచుకొని చెప్పినాడు. పెద్దనాయన కాయ రాశిలో నుంచి ఒక కాయ తీసి, వలిచి, పప్పు నోట్లో వేసుకొని,

"నీవు ఆడితే ఓడిపోతామని అంటిని గాని, ఓడిపోవాలని అంటినా?" అన్నాడు.

అప్పుడే కూలీలను పిలిచి కాయ అంతా ఒక పక్కకు ఎత్తించినాడు. ఆయన డబ్బుతోనే రెండు స్తంభాలు నిలిచినాయి, పలకలు వచ్చినాయి, రింగులు బిగిసినాయి. పొద్దున పొద్దున్నే జట్టంతా అక్కడ చేరేది, డ్రిల్లు మాస్టరు మోకాళ్లు గీరుకుపోయి పసుపు పట్టీలతో బడికి పోయేవాడు. సాయంత్రాలు హోటలు జనం కూడా కళ్లానికే మారినారు, వాదం మానలేదు, మూటల మీద కూర్చొని వాదించినారు. మామ, పెద్దనాయన ఆ చివరొకరు ఈ చివరొకరు. చిన్నాయన మాత్రం అందరూ పోయినాక కూడా ఒక్కడే బంతిని బండకేసి కొడుతూ, ఎంత గట్టిగా కొడితే ఎంత లేస్తుందో, ఏ వాటంగా కొడితే ఎటు పోతుందో, కొత్త భాష నేర్చుకునే పిల్లవాడి మాదిరి నేర్చుకున్నాడు.

చలికాలం వచ్చింది. పోటీలో చివరి ఆట మాకూ కడపకూ పడింది, గెలిచినవాళ్లు బెజవాడకు పోయి ఆడాలి. ఎండ తగ్గి బండలు చల్లబడినాక మొదలుపెట్టినారు. ఒకవైపు ఆడవాళ్ల కోసం వేసిన బెంచీల మీద అక్క తన అత్తగారి పక్కన కూర్చొని ఉంది. మొదట్లోనే చిన్నాయన బంతిని నేలకు కొట్టి, వంగకుండా, నిటారుగా నడిచినాడు. బంతి పెంపుడు కుక్కపిల్ల మాదిరి ఆయన చేతి కిందే పోయింది. కడప జనంలో నవ్వు ఆగిపోవడం నేను చెవులారా విన్నాను. అయినా వాళ్లు సామాన్యులు కారు, అక్క మరిది చెయ్యి ఎత్తితే అక్కడే ఆకాశం మొదలయ్యేది. ఒకసారి మేము ముందు, ఒకసారి వాళ్లు. చిన్నాయన ఫౌలు షాట్లు చేద తోడినట్టు వేస్తుంటే మా మూక ప్రతిసారీ లేచి నిలబడేది. ఆఖరి నిమిషం వచ్చేసరికి కడప ఒక్క పాయింటు ముందుంది.

బంతి చిన్నాయన చేతిలో ఉంది. ఎదురుగా అక్క మరిది రెండు చేతులూ చాచి, తలుపు మూసినట్టు నిలబడినాడు. పైనుంచి దోవ లేదు, పక్కల దోవ లేదు. మామ నా భుజం పట్టుకొని ఉన్నాడు, ఆ వేళ్ల గుర్తులు రెండు రోజులున్నాయి. చిన్నాయన పైకి విసిరేటట్టు చేతులెత్తినాడు, ఆపడానికి ఆ పొడుగు మనిషీ పైకి లేచినాడు. లేచిన కాళ్ల పక్కనే చిన్నాయన బంతిని బండకేసి కొట్టినాడు. అది ఆ పొడవాటి చెయ్యి కింద నుంచి దూసుకుపోయి, అవతల ఎద ఎత్తుకు లేచి, పరుగెత్తి వస్తున్న డ్రిల్లు మాస్టరు చేతుల్లో పడింది. మాస్టరు రింగు కింద ఒంటరిగా ఉన్నాడు. వేసినాడు. ఈల మోగింది.

ఆ తరువాత ఎవరేం చేసినారో వరసగా చెప్పలేను. మిల్లు పెద్దనాయన, అంత లావు మనిషి, చిన్నాయనను భుజాల మీదికి ఎత్తుకొని బండల మీద గుండ్రంగా తిరిగినాడు. పందెం గెలిచిన మామకు మాత్రం నోట మాట రాలేదు, ఆయన మూగబోయింది ఆ ఒక్కసారే. నేను ఆడవాళ్ల వైపు చూసినాను. అక్క అత్తగారి పక్కనే నిలబడి, కొంగు జారినా చూసుకోకుండా చప్పట్లు కొడుతోంది. అత్తగారు ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టబోయి, ఎందుకో వదిలేసి తానూ నవ్వింది. ఆ పూట ఆ ఇంట్లో సంగటి, కోడిపులుసు. అక్క మొదటి ముద్ద చిన్నాయన కంచంలో వేసింది. ఆయన రెండుసార్లు మారు అడిగినాడు. ఆమె మరిది పక్కనే కూర్చొని ఆ పాసు ఎట్లా కొట్టినావు చిన్నాయనా అని అడిగి అడిగి, తిన్నాక వాకిట్లోకి తీసుకుపోయి నేర్పించుకున్నాడు. తిరుగు బస్సులో మామకు నోరు తిరిగి వచ్చింది, మైదుకూరు నుంచి కర్నూలు దాకా మూతపడలేదు, మేమెవరమూ మూయమనలేదు.

బావ మాత్రం ఒప్పుకోలేదు. మాస్టరు బంతి వేయకముందే ఈల మోగిందని ఆయన వాదం. పెళ్లిళ్లలో, పేరంటాలలో, నా ఉద్యోగ విరమణ సభలో కూడా అదే వాదం. నేను కాదంటాను, ఆయన అవునంటాడు, అక్క నవ్వుతా లోపలికి పోతుంది. మా ఇద్దరి మధ్య కుశల ప్రశ్నలు ఎప్పుడూ అట్లాగే మొదలయ్యేవి. మామ పోయినాడు, మిల్లు పెద్దనాయన పోయినాడు, చిన్నాయన నిండుగా బతికి పోయినాడు. బావ చివరి రోజుల్లో నేను కడపకు పోయి మంచం పక్కన కూర్చొని, ఆయన్ను కాస్త రేపుదామని నేనే ఈల మాట ఎత్తినాను. ఆయన నా చెయ్యి పట్టుకొని, "మీరే గెలిచినారులేప్పా" అన్నాడు.

ఎన్నో ఏళ్లు ఆ మాట కోసం పోట్లాడినవాణ్ణి. విన్నాక దాన్ని ఆయనకు తిరిగి ఇచ్చేయాలనిపించింది.

మనవడు ఫోను పెట్టేసినాక, అవతల మాట్లాడింది ఎవరని అడిగినాను. తెలియదన్నాడు, ఏ ఊరో ఏ ఇల్లో తెలియదట, పేరు కూడా అసలుది కాదట. వాదం మాత్రం మావాడు భలేగా చేసినాడు, కాదనను. మా కాలం కంటే ఆట ఎంతో ఎత్తుకు ఎదిగింది, వాడికి ఇంట్లో కూర్చొని ప్రపంచమంతటి ఆట కనబడుతుంది, అది చూసి నాకు సంతోషమే. ఒక్కటే అనిపిస్తుంది. మేము ఎవరితో వాదించినామో వాళ్ల ఇంట్లోనే అన్నం తిన్నాము, వాళ్ల పెళ్లిళ్లకు పందిళ్లు వేసినాము, కడకు వాళ్లను భుజాల మీద మోసినాము. వీడు గెలిచిన పొద్దు, ఓడినవాడి ముఖం ఎట్లుంటుందో వీడికి ఎవరు చూపిస్తారు.