సగం చదివిన ప్రపంచ యుద్ధం

నాకొక మంచి గుణం ఉన్నది. చెప్పుకుంటే గొప్పలు కొడుతుండు అంటరు గానీ, ఉన్నది ఉన్నట్టు చెప్పాలె గదా. ఎవరేమడిగినా కాదనని మనిషిని నేను. ఇంటర్వ్యూకు పోతున్న, ప్యాంటు పొడుగైందన్నా అని ఎవడన్న ఉరికొస్తే, నోట్ల పెట్టుకోబోయే ముద్ద పళ్లెంల పెట్టేసి మిషన్ మీద కూసుంట. "శీనన్న అంటే బంగారం" అంటరు మా గల్లీల. గా బంగారం వల్లనే మొన్న శనివారం అమీర్‌పేటల ప్రపంచ యుద్ధం అయింది.

నవ్వకుండ్రి, చెప్త.

మైత్రీవనం వెనక గల్లీల నాది టైలర్ దుకాణం. ఇంటర్ కాడ ఆగిన చదువును నలభై దాటినంక మళ్ల అందుకున్న. దూరవిద్యల బీఏ, హిస్టరీ. వారమంతా కుట్టుడు, ఆదివారం పంజాగుట్టల స్టడీ సెంటర్‌కు పోవుడు. పోయినేడు అసైన్‌మెంట్ టైముకు ఇయ్యలే, హాల్ టికెట్ రాలే, ఏడాది గంగల కలిసింది. ఎందుకియ్యలే అంటే, గా వారం ఎవరి పెండ్లికో బ్లౌజులు అర్జెంట్ అన్నరు, నేను కాదనలే. "ఈసారి సుత గట్లనే అయితే నీ నోరు నేనే కుడత" అన్నది మా ఆవిడ. ఆమెకు కుట్టుడు వస్తది, గదే భయం.

ఈసారి వ్యాసం ఏందంటే, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు యూరప్ దేశాల మధ్య సంబంధాలు. శనివారం సాయంత్రం సెంటర్ మూసేలోపల ఇయ్యాలె. మా సారు ముందే చెప్పిండు: "గైడ్ చూసి దించకు శ్రీనివాస్. అర్థం చేసుకొని నీ మాటల్లో రాయి. ఏది రాసినా ఆధారం చూపించు."

సరే, అర్థం చేసుకుందామని కూసున్న. చాప్టర్ సగం కాడికి వచ్చేసరికి ఒక ముచ్చట దొరికింది. ఒక్కొక్క దేశానికి గట్టి దోస్తులు ఉంటే ఎవ్వడూ ఎవ్వని జోలికి పోడట. ఈ దిక్కు ఎంత బలముంటే ఆ దిక్కు సుత గంతే బలం. అందరికి అందరంటే భయం, కాబట్టి శాంతి. దాన్ని బలాబలాల సమతూకం అంటరట. అబ్బ! నా దిమాక్‌ల బల్బు వెలిగింది. ఇది మా గల్లీకి గావాలె గదా!

ఎందుకంటే మా గల్లీల రోజూ ఒక్కటే పంచాయితి. టిఫిన్ సెంటర్ నర్సింగన్నది ఒక దిక్కు, పక్కనే హాస్టల్ నడిపే భాస్కరరావు గారిది ఇంకో దిక్కు. హాస్టల్ పిల్లలు బైకులు తెచ్చి టిఫిన్ సెంటర్ ముంగట పెడతరు. నర్సింగన్న తిడతడు. భాస్కరరావు గారు పైనుంచి తొంగి చూసి "ఏంటండీ పొద్దున్నే" అంటడు. గంతే, చల్లారిపోతది.

గట్ల దానంతటదే చల్లారే పంచాయితికి నేను శాంతి తెద్దామనుకున్న. చాయ్ తాగుకుంట నర్సింగన్న చెవుల చెప్పిన: "అన్నా, నీ మీదికి ఎవడన్న వస్తే నీ ఎనక నేనున్న. జిరాక్స్ యాదగిరిని సుత నీ దిక్కు జేస్త." యాదగిరి సరే అన్నడు. మరి తరాజుకు రెండో పళ్లెం గావాలె గదా? భాస్కరరావు గారి కాడికి పోయి, "సార్, మీకేమన్న అయితే నేనున్న, కర్రీ పాయింట్ సరోజక్క సుత ఉంటది" అన్న. "ఎంత మంచివారండీ మీరు!" అని ఆయన నా చెయ్యి పట్టుకున్నడు. ఈళ్ల ముచ్చట ఆళ్లకు తెల్వది, ఆళ్లది ఈళ్లకు తెల్వది. పుస్తకంల దేశాలు సుత గట్లనే గుప్తంగ ఒప్పందాలు జేసుకున్నయి మరి!

ఇగ నేను వ్యాసం రాసేసిన. ఆఖరి లైను ఏం రాసిన్నంటే, "ఈ విధంగా బలాబలాల సమతూకం వలన శాంతి నిలిచినది." మరి యుద్ధం సంగతి ఏందంటరా? గది వేరే చాప్టర్ అనుకున్న. సగం చదివితేనే గింత తెలివొచ్చె, మిగతా సగం దేనికి?

శనివారం పొద్దున పేజీలన్ని స్పైరల్ బైండింగ్‌కు యాదగిరికి ఇచ్చిన. "మధ్యాహ్నం తీస్కపో అన్నా" అన్నడు.

మధ్యాహ్నం హాస్టల్ పిల్లగాడు ఒకడు బైక్ రివర్స్ తీస్కుంట నర్సింగన్న పల్లి చట్నీ బకెట్‌ను గుద్దిండు. గల్లీ అంత చట్నీ!

"సారీ అంకుల్" అన్నడు వాడు.

వేరే రోజైతే నర్సింగన్న రెండు తిట్లు తిట్టి ఊకుండేటోడు. కానీ ఇప్పుడు ఎనక నేనున్న గదా! "సారీ ఎవనికి గావాలెరా? పో, మీ ఓనర్‌ని పిలువు!" అన్నడు.

వేరే రోజైతే భాస్కరరావు గారు సుత "పోనీలెండి, కొత్త చట్నీ చేయిద్దాం" అనేటోడు. కానీ ఆయన ఎనక సుత నేనే ఉన్న! "అసలు బకెట్ రోడ్డు మీద పెట్టమన్నదెవరండీ?" అనుకుంట దిగిండు.

ఇగ చూస్కోండ్రి. నర్సింగన్న హాస్టలోళ్లకు ఇడ్లీ బంద్ అన్నడు. భాస్కరరావు గారు టిఫిన్ సెంటర్‌కు ఇచ్చే బోర్ నీళ్లు బంద్ అన్నడు. సరోజక్క గరిటె పట్టుకొని ఉరికొచ్చింది: "మా సార్‌ను ఎవడ్రా అనేది?" యాదగిరి అయితే ఏకంగ షటర్ గుంజిండు. "నర్సింగన్నకు న్యాయం అయ్యేదాక దుకాణం బంద్!"

ఆ షటర్ లోపల నా వ్యాసం. నా హాల్ టికెట్. నా ఏడాది.

"తమ్మీ, నా బుక్కు..." అన్న.

"ముందు నువ్వు ఏ దిక్కో చెప్పన్నా!"

అప్పుడే ఇద్దరూ నా దిక్కు తిరిగిండ్రు. "శీనన్నా, నాకు మాటిచ్చినవా లేదా?" అని నర్సింగన్న. "శ్రీనివాస్ గారూ, మీరు మాటిచ్చింది నాకు కదండీ?" అని భాస్కరరావు గారు. నేను మెడల ఉన్న టేపును ఏలుకు చుట్టుకుంట ఇద్దరి దిక్కు చూసిన.

"ఏందన్నా, ఇద్దరికీ ఇచ్చినవా?" అన్నది సరోజక్క.

"అక్కా, గది సమతూకం..."

"కొలతలు తీసేటోనివి, తూకం ఎప్పుడు నేర్చినవన్నా?"

టైము చూస్తే సెంటర్ మూసే వేళ దగ్గరికొచ్చింది. ఇగ లాభం లేదని స్టూల్ ఎక్కి అంతా కక్కేసిన. యూరప్, దోస్తులు, గుప్తంగ ఇచ్చిన మాటలు, సగం చదివిన చాప్టర్.

నర్సింగన్న నోరు తెరిచిండు. "అంటే నీ పరీక్ష కోసం మా గల్లీకి అగ్గి పెట్టినవా?"

"అదేనండీ! మా మీద ప్రయోగం చేశారా?" అన్నడు భాస్కరరావు గారు.

"అడుగుండ్రి సార్, జర గట్టిగ అడుగుండ్రి!" అన్నడు నర్సింగన్న.

"ఏం అడుగుతామండీ, మనిద్దరినీ పిచ్చోళ్లను చేశారు!"

చూసిండ్రా? "మనిద్దరిని" అన్నడు! భాస్కరరావు గారు బోర్ పైపు తెచ్చిండు, నర్సింగన్న చీపురు అందుకున్నడు, ఇద్దరు కలిసి చట్నీ కడుక్కుంట, కలిసి నన్ను తిట్టిండ్రు. శాంతి అంటే గట్ల ఉంటది. యాదగిరి షటర్ లేపి నా బుక్కును బయటికి ఇసిరేసిండు, గది పోయి కడగని చట్నీల పడ్డది. "తీస్కపో అన్నా! అండ్ల ఇంకేమన్న నేర్చుకుంటే మా మీద మాత్రం తేకు!"

తుడుచుకుంట మెట్రో ఎక్కిన. ఆఖరి పేజీ తెరిచి శాంతి లైను కొట్టేసి రాసుడు షురూ చేసిన: "సారీతో పోయే పంచాయితిని, వెనక దోస్తు ఉన్నాడన్న ధైర్యం యుద్ధం దాకా తీసుకుపోతుంది. అందరికీ మాటిచ్చినవాడు ఎవరికీ అక్కరకు రాడు." నా రాత నాకే మస్తు నచ్చింది. ఎంత నచ్చిందంటే, పక్క స్టేషన్ పంజాగుట్టల దిగాల్సినోన్ని, తలెత్తేసరికి ఖైరతాబాద్‌ల ఉన్న. మళ్ల ఎనక్కి ఎక్కి, దిగి, ఉరికి, రొప్పుకుంట పోతే మా సారు తలుపుకు తాళం వేస్తుండు.

"సార్!"

సారు బుక్కు తీస్కొని, నిలబడ్డకాడనే పేజీలన్ని తిరగేసి, ఆఖరి పేజీ కాడ ఆగి చదివిండు. "ఈ మరకేంటి?"

"పల్లి చట్నీ సార్. ఆధారం చూపించమన్నరు గదా."

సంగతంతా చెప్పిన. సారు తలుపు పట్టుకొని నవ్విండు. "మొత్తం వ్యాసంలో ఈ ఒక్క పేజీయే నువ్వు రాసినట్టుంది. తీసుకుంటున్నాను. హాల్ టికెట్ వస్తుంది, పో. ఆ మిగతా సగం కూడా చదువు!"

గాలిల తేలుకుంట గల్లీకొచ్చిన. నర్సింగన్న నాకు ఇడ్లీ పెట్టిండు, చట్నీ మాత్రం పొయ్యలే. పెట్టి, పక్కకు పిలిచిండు. "శీనన్నా, ఈసారి వినాయకుని మండపం మా ముంగటనే పడాలె. నువ్వు చూసుకోవాలె." సరే అన్న. చెయ్యి కడుక్కుంటుంటే భాస్కరరావు గారొచ్చి మెల్లగ, "శ్రీనివాస్ గారూ, మండపం ఈసారి మా హాస్టల్ ముందు పెట్టించాలండీ, మీదే భారం" అన్నడు.

నేను మిగతా సగం చాప్టర్ చదివిన. యుద్ధం ఎట్ల మొదలైందో ఇప్పుడు ఎవరడిగినా చెప్త. కాదు అనుడు మాత్రం నాకింకా రాలే. ఆయనకు సుత సరే అన్న.