పళ్లెంలో మొగులు

ఆ తాత ఆకాశాన్ని ఒళ్లో పెట్టుకుని చూసేవాడు.

శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే మనిషి. నేను మేడ్చల్ దారిలోని ఆసుపత్రిలో నర్సుని. తాత ఊపిరి తీసుకుంటే ఈల వినిపించేదట. ఏళ్ల తరబడి దమ్ము రోగమనే అనుకున్నారు. తీరా చూస్తే గాలిగొట్టంలో క్యాన్సర్, చాలా అరుదైనది. డాక్టరమ్మ ఆ ముక్క కోసి తీసేసి, మిగిలిన రెండు కొసలనూ కలిపి కుట్టింది. తల ఎత్తితే అతుకు తెగుతుందని గడ్డాన్ని కూడా ఛాతీకి కుట్టేసింది.

మర్నాడు తాత పళ్లెంలో నీళ్లు అడిగాడు. చేతులు కడుక్కోవడానికేమో అనుకున్నాను. ఒళ్లో పెట్టుకుని, కిటికీలోని ఆకాశం నీడ అందులో పడేదాకా మెల్లగా జరిపాడు.

"మొగులు దిగింది బిడ్డా," అన్నాడు గుసగుసగా.

ఇక రోజూ అదే పని. మబ్బులూ కొంగలూ ఆయన ఒళ్లోంచే పోయేవి. మందులిస్తూ నేనూ వంగి చూసేదాన్ని.

గడ్డం కుట్లు విప్పిన రోజు డాక్టరమ్మ, "ఇగ మెల్లగ పైకి చూడు తాతా," అంది.

భయంభయంగా తల ఎత్తాడు. కిటికీలోంచి ఆకాశమంతా వెతికాడు. మళ్లీ పళ్లెంలోకి వంగి, మబ్బు పక్కన తన ముఖం చూసుకుని నవ్వాడు.

"పైన జూసిన బిడ్డా. ఆడ నేను లేను. ఈడనే ఉన్న."