తాతబాబు తడవని కాయితాలు

తాతబాబు బాబాయ్ చేతికి కాయితం చిక్కిందంటే దానికి లామినేషన్ చేయించందే ఊరుకోడు. ఫిషింగ్ హార్బర్ గేటుకి ఎదురుగా జిరాక్సు, లామినేషన్ షాపు నడిపిన ఆశాజ్యోతిని నేనే కాబట్టి ఈ మాట సాధికారంగా చెబుతున్నాను. మాది అమలాపురం వైపు. మా ఆయనకి పోర్టులో ఉద్యోగమని ఈ ఊరొచ్చాను. వచ్చిన వారానికే బాబాయ్ నాకు ఖాతాదారుడయ్యాడు. ఆయన దెబ్బకి నా మిషను రెండుసార్లు కాలిపోయింది. రెండోసారి కాలినప్పుడు పరామర్శకొచ్చి, మిషను గ్యారంటీ కార్డు ఎక్కడుందని అడిగాడు.

"ఎందుకు బాబాయ్?"

"దానికి పేస్టిక్ తొడిగీ. మల్లీ పాడైతే పనికొత్తాది."

"మిషనే కాలిపోయి ఏడుస్తుంటే దేంతో తొడగనండీ?"

"అవును గదా" అని అరగంట దిగాలుగా స్టూలు మీద కూర్చుని వెళ్ళాడు.

రేషను కార్డుకీ ఓటరు కార్డుకీ అందరూ చేయిస్తారు. ఈయన కరెంటు బిల్లుకి చేయించాడు. బోటు ఇంజను కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో ప్రతి పేజీకీ విడివిడిగా చేయించాడు. అది ఇంట్లో మంచం కిందకి పట్టక అటక ఎక్కింది. మనవరాలు దేవి ప్రోగ్రెస్ కార్డు తండ్రి సంతకం పడకముందే ప్లాస్టిక్‌లోకి వెళ్ళిపోయింది. టీచరమ్మ కబురు పెడితే వెళ్ళి, "మార్కులు బాగున్నాయి గదమ్మా! ఇంక తగ్గిపోకుండా బిగించీసేను" అన్నాడట. ఆవిడ నవ్వాలో కోప్పడాలో తెలియక టీ ఇప్పించి పంపించింది.

ఆయన భార్య చిట్టెమ్మ పిన్ని చేపలు అమ్ముతుంది. ఓ రోజు మా షాపు ముందు బుట్ట దించి, "ఓలమ్మా జోతీ, నీ మిషను వెడల్పెంత?" అని అడిగింది.

"ఎందుకు పిన్నీ?"

"నాను సచ్చిపోతే మీ బాబాయి నాకూ పేస్టిక్ తొడిగించీగలడు. పడతానో లేదో ముందే సూసుకుంతన్నాను."

బాబాయ్ పక్కనే ఉన్నాడు. ఏమాత్రం నొచ్చుకోలేదు. "కాయితం మీద నీలు పడితే ఏటవుతాదో నీకు తెల్దేటే?" అని మాత్రం అన్నాడు. ఆ మాట ఆయన రోజుకి పదిసార్లు అంటాడు గనక నేను పట్టించుకోలేదు.

వాళ్ళబ్బాయి సన్నీ ఓడల్లో ఫిట్టరు. 1999లో ఓ ప్రయాణం ముగించుకుని పెళ్ళాంతో దిగాడు. పిల్ల పేరు మారిసెల్, ఫిలిప్పీన్స్ అమ్మాయి. పేటంతా చూడ్డానికి కదిలింది. చిట్టెమ్మ పిన్ని మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగో రోజు మారిసెల్ ఎవరూ చెప్పకుండానే కత్తిపీట ముందు కూర్చుని, ఇంత పొడుగు కోనం చేపని ఒక్క ముక్క చెదరకుండా కోసి పెట్టింది. వాళ్ళదీ చేపలు పట్టే ఇల్లేనట. పిన్ని లేచి కూర్చుని, "ఓలమ్మో! ఈ గుంట మన గుంటే!" అని అరిచింది. ఆ తర్వాత అత్తాకోడళ్ళు ఒకే బుట్ట కింద తిరిగారు. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల పిన్ని దగ్గర పట్టిన తెలుగుతో బేరాలాడేవాళ్ళని నిలబెట్టి దులిపేసేది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మారిసెల్ ఇక్కడ ఉండాలంటే విదేశీయుల ఆఫీసువాళ్ళు ఇచ్చే రెసిడెన్షియల్ పర్మిట్ ఉండాలి. ఏటా గడువు తీరేలోగా వెళ్ళి దాని వెనకాల స్టాంపు వేయించుకోవాలి. సన్నీయే దగ్గరుండి ఆ పని చూసుకునేవాడు. 2006లో అతని ఓడ ఏదో దూరపు రేవులో ఆగిపోయింది. పర్మిట్ మావగారి చేతికొచ్చింది. ఇంక చెప్పాలా!

తప్పు నాది కూడా. ఆ రోజు షాపులో జనం కిటకిటలాడుతున్నారు. ఆయన ఇచ్చిన కాయితం ఏమిటో చూడకుండా మిషన్లోకి తోసేశాను. నున్నగా, మెరుస్తూ, వెచ్చగా బయటికొచ్చింది. బాబాయ్ దాన్ని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు తీసుకెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే మారిసెల్ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఈ పేటలో అక్కని అప్ప అంటారు, ఆ పిల్లా నన్ను అలాగే పిలుస్తుంది. "అప్పా! ఇదేటి సేసినావప్పా! ఇంక స్టాంపు ఎక్కడ పడతాది? నాలుగు రోజుల్లో గడువైపోతాది. నన్ను మా దేశం పంపించీగలరు! దేవికి జడెవులు ఏత్తారు?"

ఆ వెనకే బాబాయ్, పిన్నీ వచ్చారు. ఇస్త్రీ పెట్టెతో వేడిచేసి ప్లాస్టిక్ ఊడదీయబోతే, మూలనున్న స్టాంపు సగం దాంతోపాటే లేచొచ్చింది. గబుక్కున ఆపేశాం. అంతవరకూ ఆయన పిచ్చిని నవ్వులాటగా తీసుకున్న పిన్నే, "నీ పేస్టిక్కు తగలెయ్య! కోడల్ని పోగొడతన్నావు గదా!" అని శోకం పెట్టింది. ఆయన ఇంటికెళ్ళాడు. భుజాన పెద్ద వలసంచి వేసుకుని తిరిగొచ్చి, "పదండి. నాను సేసిన తప్పు నానే సెప్పుకుంతాను" అన్నాడు. మేం నలుగురం ఆటో ఎక్కాం.

ఆఫీసులో ఇన్‌స్పెక్టరు గారు పర్మిట్‌ని అటూ ఇటూ తిప్పి చూశారు. "స్టాంపు ఎక్కడ కొట్టమంటారు? నా నుదుటి మీదా?"

"పేస్టిక్ మీదే కొట్టీండి బాబూ. ఆరిందాకా నాను ఊదుతాను" అన్నాడు బాబాయ్.

ఇన్‌స్పెక్టరు గారు మంచివారు, నిజంగానే కొట్టి చూశారు. సిరా జారిపోయి ఆయన చొక్కా చేతికే అంటుకుంది. తుడుచుకుంటూ, "కొత్త పర్మిట్ రాయాలి. భర్త ఊళ్ళో లేడంటున్నారు. ఈ అమ్మాయి ఈ ఏడేళ్ళూ మీ ఇంట్లోనే కాపురం చేసిందని రుజువులు కావాలి. ఏమన్నా ఉన్నాయా?" అన్నారు.

బాబాయ్ వలసంచి విప్పి బల్ల మీద బోర్లించాడు.

నున్నటి కాయితాలేమో, జరజరా జారి బల్ల నిండి, ఫైళ్ళ మీదకెక్కి, నేలంతా పరుచుకున్నాయి. కానిస్టేబుళ్ళు ఏరుతుంటే మళ్ళీ జారాయి. పెళ్ళి ఫొటో. కోడలి పేరెక్కిన రేషను కార్డు. ఆమె జ్వరానికి రాసిన ఆసుపత్రి చీటీ. దేవి పుట్టిన సర్టిఫికెట్టు. మారిసెల్ మొట్టమొదటి జాకెట్టు కొలతలు రాసిన దర్జీ చీటీ. వాళ్ళమ్మ ఏడేళ్ళుగా నెలనెలా రాసిన ఉత్తరాల కవర్లు, ప్రతిదాని మీదా బాబాయ్ ఇంటి చిరునామా, మన పోస్టాఫీసు ముద్ర, తారీఖు. ఇవన్నీ నా చేతుల మీదుగా వెళ్ళినవే. ఏనాడూ చదవలేదు.

ఇన్‌స్పెక్టరు ఒక చిన్న ముక్క తీసి, "ఇదేమిటయ్యా?" అన్నారు.

"బస్సు టిక్కట్టు బాబూ. అత్తా కోడలు భీమిలెల్లినారు. పిల్ల మనూర్లో బస్సెక్కడం అదే మొదులు."

"ఇవన్నీ ఎందుకు దాచావు?"

బాబాయ్ తలొంచుకున్నాడు. "మాయన్న తవిటయ్య తుపాన్లో పోనాడు బాబూ. జాలర్ల సంగం పుస్తకం, రేసను కార్డు అన్నీ ట్రంకుపెట్టిలో తడిసి ముద్దయిపోనాయి. ఆడు నా పెనిమిటని రుజువు సెయ్యనేక మా వొదిన మూడేల్లు ఆఫీసులు తిరిగింది. పిల్లల్ని కన్న మనిసి బాబూ! ఈ పిల్ల మా గుమ్మంలో కాలెట్టిన రోజే అనుకున్నాను. ఏ దొర అడిగినా దీన్ని మా ఇంటి మనిసి కాదనడానికి ఉండకూడదు."

పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఇన్నాళ్ళూ ఆయన్ని చూసి నవ్వినందుకు నాకు సిగ్గేసింది. ఇలాంటి మనిషి నన్ను 'జోతమ్మా' అని పిలుస్తాడు గదా అని గర్వంగానూ ఉంది.

ఇన్‌స్పెక్టరు కొత్త పర్మిట్ రాసి, బాబాయ్ చెయ్యి చాపుతున్నా పట్టించుకోకుండా మారిసెల్‌కే ఇచ్చారు. ఇచ్చి కూర్చోబెట్టి చెప్పారు. "ఏటా ఈ తిప్పలెందుకమ్మా? నీకింకో రెండు దార్లున్నాయి. ఏడేళ్ళు నిండాయి గనక పౌరసత్వానికి పెట్టుకోవచ్చు. అప్పుడిక ఏ పర్మిట్టూ అక్కర్లేదు, కానీ మీ దేశం పాస్‌పోర్టు వదులుకోవాలి. లేదంటే పి.ఐ.ఓ. కార్డు. భారత సంతతివాళ్ళకిచ్చేదే, భారతీయుడి భార్యకీ ఇస్తారు. పదిహేనేళ్ళు వీసా గొడవ ఉండదు, నీ పాస్‌పోర్టు నీ దగ్గరే ఉంటుంది."

ఆఫీసు మెట్ల మీదే పంచాయితీ మొదలైంది. సన్నీ ఫోన్లో, "పౌరసత్వానికి పెట్టీండి నాయినా, ఒక్కసారే పీడొదిలిపోతాది" అన్నాడు. పిన్నీ అదేమాట. నేనూ అదేమాట. జీవితంలో ఊడిరాకుండా బిగించడమంటే బాబాయ్‌కి ప్రాణం కదా, ఆయనా అదే అంటాడనుకున్నాం. ఆయన మాత్రం పాస్‌పోర్టుని రెండు చేతులా పట్టుకు కూర్చున్న కోడలి వైపు చూశాడు.

"నీకేటి కావాలమ్మా?"

మారిసెల్ పాస్‌పోర్టు ఎత్తి చూపించింది. "నాను ఎక్కడికీ ఎల్లను మావా. ఇదే నా ఇల్లు. గానీ ఇదిచ్చీసినాక, మాయమ్మకి బాగోకపోతే, మాయమ్మని సూడ్డానికి నాను పరాయోల్లాగ వీసా అడగాలా?"

"అక్కర్లేదు" అన్నాడు బాబాయ్ లేస్తూ. "మా ఇంటి కోడలవడానికి ఆలింటి కూతురు కాకుండా పోవాలేటి? కార్డుకే పెడదాం."

ఆ రోజు ఆయన నడిచిన నడక చూడాలి. హార్బర్‌కి అంతకంటే పెద్ద మనిషి లేడన్నట్టు నడిచాడు. లేడు కూడా.

కొన్ని నెలలకి ఢిల్లీ నుంచి కార్డు వచ్చింది. అందులో భారత సంతతి వ్యక్తి అని రాసుందంటే చిట్టెమ్మ పిన్ని, "మరి కాదేటి?" అంది. ఆ మధ్యాహ్నం బాబాయ్ కార్డు పట్టుకుని మా షాపు వైపు రావడం చూశాను. వెంటనే షట్టరు సగానికి దించేశాను.

"బాబాయ్! నేను చెయ్యను గాక చెయ్యను! నన్ను చంపినా చెయ్యను!"

"ఒలే, నాకామాత్రం తెల్దేటి? జిరాక్స్ తియ్యి. ఆరు తియ్యి. జిరాక్సులకి తొడుగు."

"ఆరెందుకండీ?"

"ఇంట్లో ఒకటి. బోట్లో ఒకటి. సంగంలో ఒకటి. సన్నీ గాడికొకటి. నీ షాపులో గోడకొకటి, నలుగురూ సూడాల. ఆరోది ఆలమ్మకి పంపాల. పిల్ల ఎక్కడుందో, ఎవులింట్లో ఉందో ఆ తల్లి కల్లారా సూసుకోవాల గదా."

ఆరూ తీసి తొడిగాను. జీవితంలో మొదటిసారి ఆయన పని ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ప్రతి అక్షరం చదివి మరీ చేశాను.

రెండు నెలల తర్వాత బాబాయ్ ఒక కవరు ఊపుకుంటూ రోడ్డు దాటాడు. ఎదురుగా వస్తున్న లారీని కూడా చూడలేదు. కవర్లోంచి ఒక ఫొటో తీసి నా ముందు పెట్టాడు. వియ్యపురాలు పడవ పక్కన నిలబడి మా జిరాక్సుని గుండెలకి ఆనించుకుని తీయించుకున్న ఫొటో.

చేత్తో తడిమి చూశాను. నున్నగా ఉంది. నాలుగు పక్కలా ప్లాస్టిక్ అంచు, నాకంటే తిన్నగా కత్తిరించి ఉంది.

"సూసినావా జోతమ్మా!" అన్నాడు బాబాయ్, మొహం చాటంత చేసుకుని. "మీరందరూ నవ్వినారు. ఆలదీ సముద్రమే. ఆలకి తెలుసు."