గంప కింద మనిషికి హారన్

హారన్ కొట్టేస్తే తమ బాధ్యత తీరిపోయిందనుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కళింగపట్నం రోడ్డు మీద మా అత్త చేపల గంప నెత్తిన పెట్టుకుని నడుస్తోంది. పక్కనే నేను. నెత్తిన బరువుంటే తల తిప్పి చూడడం కుదరదు. ఆ సంగతి ఈ దారిన బండి నడిపే ప్రతివాడికీ తెలుసు. అయినా వెనక నుంచి ఒక కారువాడు ఆపకుండా హారన్ మోగించాడు. అత్త కంగారుగా ఎడమకు జరిగింది. వాడూ అటే తిప్పాడు. కారు తగల్లేదు గానీ అత్త పడిపోయింది. చేపలన్నీ రోడ్డు పాలయ్యాయి.

వాడు దిగి పడ్డ మనిషినే కసిరాడు. "అంత హారన్ కొడతన్నాను, ఇనబడనేదేటి?"

"ఇనబడినాది బాబూ. ఎటు తప్పుకోవాలో నీ హారన్ సెప్పనేదు," అంది అత్త, చేపలు ఏరుకుంటూ.

వాడు కారెక్కి, ఇంకా రోడ్డు మీద వంగే ఉన్న ఆమెను చూస్తూ మళ్లీ హారనే కొట్టాడు.